కలలో మేల్కొనేవారు, నమాజులో నిద్రపోయేవారు

నిద్ర అల్లాహ్ సూచనల్లో ఒకటని దివ్యఖుర్ఆన్ రూమ్ సూరా (30:23) మనకు గుర్తు చేస్తోంది. జుమర్ సూరా (39:42) అయితే నిద్రను మరణం పక్కనే నిలబెట్టి చూపుతుంది. నిద్రలో ప్రాణాలను అల్లాహ్ తన స్వాధీనంలోకి తీసుకుంటాడని, గడువు తీరినవారివి ఆపుకుని తక్కినవారివి తిరిగి పంపుతాడని అక్కడి భావం. రాత్రి పడుకోవడం, తెల్లవారి లేవడం మనకు అతి మామూలు సంగతి. ఆలోచిస్తే అది రోజూ మన ఇంట్లోనే జరిగే చిన్న మరణం, చిన్న పునరుత్థానం.

అలాంటి నిద్ర విషయంలో మన పిల్లల్లో కొందరికి ఇప్పుడు ఒక కొత్త ఆసక్తి పుట్టింది. కల కంటూ ఉండగానే అది కల అని తెలుసుకోవడం, తెలిశాక దాన్ని తమకు నచ్చినట్టు నడుపుకోవడం. ఇంగ్లీషులో దీన్ని లూసిడ్ డ్రీమ్ అంటారు. మనం తేలికగా 'తెలిసి కనే కల' అనుకుందాం. సెల్‌ఫోన్లలో వీడియోలు చూసి కాలేజీ కుర్రాళ్ళు, ఆడపిల్లలు కూడా దీన్ని సాధన చేస్తున్నారు. ఈ సంగతి చెవిన పడిన పెద్దల్లో కొందరు ఇది జాదూ అని, షైతాన్ పని అని హడలిపోతున్నారు. మరికొందరు పిల్లల పిచ్చి అని నవ్వి ఊరుకుంటున్నారు. ఈ రెండూ సరికాదని మా అభిప్రాయం. ముందు విషయమేమిటో తెలుసుకోవాలి. ఆ తర్వాత ధర్మం తక్కెడలో వేసి తూచాలి.

అసలు ఇదేమిటి?

ఇది కొత్తగా కనిపెట్టిన వింత కాదు. తాను కల కంటున్నానని కలలోనే తెలియడం ఎందరికో దానంతటదే ఎప్పుడో ఒకప్పుడు జరుగుతుంది. యాభై ఏళ్ళలో వెలువడిన అధ్యయనాలను 2016లో ఇంగ్లాండు పరిశోధకులు కలిపి లెక్క చూశారు. నూటికి సుమారు 55 మందికి జీవితంలో ఒక్కసారైనా ఈ అనుభవం కలుగుతుందని తేలింది. ఈ పేరు పెట్టినది హాలెండుకు చెందిన వైద్యుడు, రచయిత ఫ్రెడెరిక్ వాన్ ఈడెన్. అది 1913 నాటి మాట.

నిద్ర అంతా ఒకే తీరుగా ఉండదు. సుమారు గంటన్నరకొకసారి మెదడు చురుకెక్కి, మూసిన రెప్పల కింద కనుగుడ్లు అటూ ఇటూ వేగంగా కదిలే దశ ఒకటి వస్తుంది. దీన్ని 1953లో చికాగో విశ్వవిద్యాలయంలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనే ఇద్దరు వెల్లడించారు. స్పష్టమైన కలలు ఎక్కువగా వచ్చేది ఈ దశలోనే. తెల్లవారే కొద్దీ ఈ దశ నిడివి పెరుగుతుంది. ఆ సమయంలో ఒంట్లో కండరాలు పట్టు సడలి చలనం లేకుండా ఉంటాయి. కళ్ళు మాత్రం కదులుతాయి.

ఈ కళ్ళ కదలికే శాస్త్రవేత్తలకు సాక్ష్యమైంది. కల వచ్చిందని తెలియగానే కళ్ళను ఎడమకూ కుడికీ ఇన్నిసార్లు తిప్పాలని పడుకునే ముందే మాట అనుకుంటారు. నిద్రలో ఉన్న మనిషి ఆ ప్రకారమే కళ్ళు తిప్పితే యంత్రం గీత గీసి చూపుతుంది. ఇంగ్లాండులోని హల్ విశ్వవిద్యాలయంలో 1975లో కీత్ హర్న్ ఈ విధంగా తొలి ఋజువు సంపాదించారు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో స్టీఫెన్ లాబెర్జ్ అదే పద్ధతిని స్వతంత్రంగా కనుగొని 1980 దశకంలో ప్రపంచానికి తెలియజేశారు. 2021లో అమెరికా, ఫ్రాన్స్, జర్మనీ, నెదర్లాండ్స్ దేశాల పరిశోధకులు ఇంకొక అడుగు ముందుకు వేశారు. నిద్రపోతున్నవారిని చిన్న చిన్న కూడికలు, తీసివేతలు అడిగితే, వారిలో కొందరు కలలోనే విని కళ్ళ కదలికతో సరైన జవాబు చెప్పగలిగారు. కాబట్టి ఇది జాదూ కాదు, జిన్నుల వ్యవహారం అంతకన్నా కాదు. అల్లాహ్ మనిషి మెదడులో ఉంచిన సామర్థ్యాల్లో ఇదొకటి.

సాధన రాత్రి కాదు, పగలు

ఇందులో మమ్మల్ని ఎక్కువగా ఆకర్షించినది వేరొకటి ఉంది. రాత్రి కలలో ఎరుక కావాలంటే సాధన పగలు చేయాలట. నేర్పేవారు చెప్పే పద్ధతి ఇది. రోజులో అనేకసార్లు, చేస్తున్న పని ఆపి, ఇది కలా నిజమా అని తనను తాను ప్రశ్నించుకోవాలి. అరచేతులు చూసుకోవాలి, వేళ్ళు లెక్కపెట్టాలి. గోడ మీద రాత ఒకసారి చదివి, చూపు తిప్పి మళ్ళీ చదవాలి. గడియారం రెండుసార్లు చూడాలి. మెలకువలో రాత మారదు, వేళ్ళు ఐదే ఉంటాయి. కలలో అక్షరాలు నిలవవు, వేళ్ళు ఆరో ఏడో కావచ్చు. ఇలా పగలు అలవాటైన పరీక్ష ఒకనాడు కలలో కూడా చేసుకుంటారు. వేళ్ళు లెక్క తప్పగానే ఇది కల అని తెలిసిపోతుంది. ఈ పరీక్ష మరచిపోకుండా ఏదో ఒక పనికి ముడిపెట్టుకోమంటారు. గడప దాటినప్పుడల్లా, నీళ్ళు తాగినప్పుడల్లా, అద్దం చూసినప్పుడల్లా అన్నమాట.

అయితే ఇందులో ఒక కిటుకు ఉంది. ఆస్ట్రేలియాలోని అడిలైడ్ విశ్వవిద్యాలయానికి చెందిన డెన్‌హోమ్ ఆస్పీ 2017లో ప్రచురించిన అధ్యయనంలో, పగటి పరీక్షలు ఒక్కటే చేసినవారికి చెప్పుకోదగ్గ ఫలితం కనబడలేదు. మూడింటిని కలిపి పాటించినవారికే కొంత ఫలితం కనబడింది. ఒకటి పగటి పరీక్ష. రెండవది ఐదు గంటలు నిద్రపోయాక కొద్దిసేపు మేల్కోవడం. మూడవది, మళ్ళీ పడుకునేటప్పుడు ఈసారి కల వస్తే అది కలని గుర్తు తెచ్చుకుంటానని మనసులో గట్టిగా అనుకోవడం. అన్నీ చేసినా వారం రోజుల్లో విజయం సుమారు 17 శాతమే.

ఎందుకిలా? పగటి పరీక్ష మొక్కుబడిగా మారితే పనికిరాదు. వేళ్ళు చూసుకున్నాడు, ఐదున్నాయి, సరే నిజమే అనుకుని ముందుకు సాగిపోయాడు. అసలు అనుమానమే లేని ప్రశ్న అది. అలాంటివాడు కలలో కూడా వేళ్ళు చూసుకుంటాడు, ఏడు కనిపించినా సరే నిజమే అనుకుని సాగిపోతాడు! పగలు ధ్యాస లేకుండా చేసిన పని రాత్రి కూడా ధ్యాస లేకుండానే జరుగుతుంది. చెయ్యి కదిలితే చాలదు, దానితోపాటు మనసు కూడా కదలాలి. ఈ సాధన అంతటిలోనూ సారం ఇదొక్కటే.

మన సంగతి ఏమిటి?

ఈ మాట చదువుతుంటే మీకు ఏమైనా గుర్తుకొస్తోందా? రోజులో కొన్నిసార్లు చేస్తున్న పని ఆపడం, నేనెక్కడున్నాను, ఎవరి ముందున్నాను అని గుర్తు చేసుకోవడం, పడుకునే ముందు గట్టి సంకల్పం చేసుకోవడం, రాత్రి చివరి జాములో కొద్దిసేపు లేవడం. పద్నాలుగు వందల ఏళ్ళకు పైగా మన ఇళ్ళలో ఉన్నవే ఇవి. ఐదు పూటలా నమాజు, నియ్యత్, తహజ్జుద్!

లూసిడ్ డ్రీమ్‌ను ఇస్లాం ముందే చెప్పిందని మేము అనడం లేదు. సైన్సులో ఏది బయటపడినా అది మాదేనని జబ్బలు చరుచుకోవడం మనలో కొందరికి అలవాటైంది. అది మంచి అలవాటు కాదు. నమాజు కలల కోసం విధించబడలేదు, అల్లాహ్ స్మరణ కోసం విధించబడింది. మేము అడుగుతున్నది వేరే ప్రశ్న. కలలో వేళ్ళు లెక్కపెట్టుకోవడానికి ఒక కుర్రాడు రోజుకు పదిసార్లు ఆగి, మనసు పెట్టి, తనను తాను ప్రశ్నించుకుంటున్నాడు. మరి మనం రోజుకు ఐదుసార్లు ఆగుతున్నాం. ఆగినప్పుడు మన మనసు ఎక్కడుంటోంది?

నిజం చెప్పుకుందాం. తక్బీర్ చెప్పి చేతులు కట్టామో లేదో, అంగడి లెక్కలు మొదలవుతాయి. వంటింట్లో పొయ్యి మీది పప్పు గుర్తుకొస్తుంది. సలాం తిప్పాక మూడు రకాతులు చదివామా నాలుగా అని పక్కవాడి మొహం చూస్తాం. నాలుక ఫాతిహా చదువుతుంది, నడుము రుకూ చేస్తుంది, నుదురు సజ్దా చేస్తుంది. మనిషి మాత్రం అక్కడ ఉండడు. ఇది వేళ్ళు ఏడున్నా పట్టించుకోని పరీక్షలాంటిదే కదా!

నిసా సూరా (4:43)లో మత్తులో ఉండి నమాజు దగ్గరకు రావద్దన్న ఆదేశం ఉంది. ఎంతవరకు? ఏమి పలుకుతున్నారో మీకు తెలిసేవరకు అని అక్కడే గడువు చెప్పబడింది. సారా మత్తు గురించి వచ్చిన ఆజ్ఞే అయినా, ఆ కారణాన్ని కాస్త ఆలోచించండి. ఏమి పలుకుతున్నామో తెలియాలి. మనలో ఎంతమందికి తెలుస్తోంది? మన ఇళ్ళలో మాట్లాడేది తెలుగు, కొన్ని ఇళ్ళలో ఉర్దూ కలిసిన తెలుగు. నమాజులో పలికేది అరబీ. అత్తహియ్యాత్ చిన్నప్పుడు కంఠతా పట్టాం, ముసలితనం వచ్చింది, దాని అర్థం ఎన్నడూ అడగలేదు. ఖుర్ఆన్‌కు తెలుగు అనువాదాలు వచ్చాయి, నమాజు పుస్తకాల్లో అరబీ కిందనే తెలుగు అర్థం అచ్చవుతోంది. అయినా గూట్లో గుడ్డ చుట్టి పెట్టిన గ్రంథం గూట్లోనే ఉంటోంది. అర్థం తెలియని చోట ధ్యాస ఎలా నిలుస్తుంది? తమ నమాజు పట్ల ఏమరుపాటుతో ఉండే నమాజీలకు మాఊన్ సూరా (107:4-5) చేసిన హెచ్చరిక మనకు తెలియనిది కాదు.

మన పూర్వీకులు ఈ ఎరుకకు మురాఖబా అని, రాత్రిపూట తన లెక్క తాను చూసుకోవడానికి ముహాసబా అని పేర్లు పెట్టారు. లెక్క అడగబడకముందే మీ లెక్క మీరు చూసుకోండనే భావం గల హితవు హజ్రత్ ఉమర్ (రజి) పేరున ప్రసిద్ధం. హిజ్రీ 505 (క్రీ.శ. 1111)లో మరణించిన ఇమాం గజాలీ తన 'ఇహ్యా ఉలూమిద్దీన్' మహాగ్రంథంలో ఈ రెండింటికీ ప్రత్యేకంగా ఒక భాగమే కేటాయించారు. ఆయనే 'అల్ మున్‌ఖిజ్'లో కల గురించి ఒక లోతైన ప్రశ్న వేశారు. కల కంటున్నంతసేపు అదంతా నిజమని నమ్ముతాం. లేచాక దానికి పునాది లేదని తెలుస్తుంది. అలాగే ఈ మెలకువ మీద కూడా మరొక మెలకువ ఉంటే, ఇప్పుడు నిజమనుకుంటున్నవి ఏమవుతాయి? వేళ్ళు లెక్కపెట్టే కుర్రాడి ప్రశ్న కూడా నిజానికి ఇదే. వాడు దాన్ని రాత్రి వినోదం దగ్గరే ఆపేశాడు. గజాలీ దాన్ని పరలోకం దాకా తీసుకువెళ్ళారు.

కలను ఏలగలిగితే వలీ అవుతారా?

ఇప్పుడు అసలు ప్రమాదం దగ్గరకు వద్దాం. కలలో మేల్కొన్నవాడికి గొప్ప గర్వం కలుగుతుంది. గాలిలో ఎగురుతాడు, గోడల్లోంచి నడుస్తాడు, కోరిన మనిషిని ఎదుట నిలబెట్టుకుంటాడు. ఈ అనుభవానికి మతం రంగు పూస్తే ఏమవుతుందో ఆలోచించండి. నేను ఫలానా వలీతో మాట్లాడాను, నాకు ఫలానా ఆజ్ఞ అయింది అని బయలుదేరేవారికి ఇది మంచి పెట్టుబడి.

కలలు మూడు రకాలని దైవప్రవక్త (స) తెలియజేసినట్టు సహీహ్ ముస్లింలో ఉంది. అల్లాహ్ తరఫున వచ్చే శుభవార్త ఒకటి. మనిషిని దుఃఖపెట్టడానికి షైతాన్ తెచ్చేది ఒకటి. మనిషి మనసు తనతో తాను చెప్పుకునేది మూడవది. పగలంతా సాధన చేసి, రాత్రి కోరి తెచ్చుకుని, ఇష్టం వచ్చినట్టు నడుపుకునే కల ఈ మూడింటిలో ఏది? మన ఉద్దేశంలో అది మూడవ రకమే. మనసు తనతో తాను ఆడుకునే ఆట. శుభవార్త అంటే ఇచ్చేవాడు ఇవ్వగా అందుకునేది. మనం తయారుచేసుకున్న దాన్ని ఆయన ఇచ్చాడని చెప్పుకోవడం ఎంతవరకు న్యాయం?

దైవప్రవక్త (స)ను కలలో చూడటం గురించి ఉన్న హదీసు అందరికీ తెలిసిందే. షైతాన్ ఆయన రూపం ధరించలేడు. అయితే తన ఊహతో ఒక రూపం కల్పించుకుని, కలలో దాన్ని పిలిచి, ఆయననే చూశానని చెప్పుకోవడం అతి పెద్ద సాహసం. ఈ దారిన ఎవరూ పోవద్దని గట్టిగా చెబుతున్నాం. చూడని కల చూశానని చెప్పేవాడికి ప్రళయదినాన రెండు బార్లీ గింజలను ముడివేయమని ఆజ్ఞ అవుతుందని, అది వాడివల్ల కాదని సహీహ్ బుఖారీలో హెచ్చరిక ఉంది.

ఇబ్రాహీం (అ) కల చూసి కుమారుణ్ణి బలి ఇవ్వడానికి సిద్ధపడ్డారు కదా అని ఎవరైనా అడగవచ్చు. ప్రవక్తల కలలు వహీ. మన కలలు వహీ కావు. అజాన్ పలుకులు మదీనాలో హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ జైద్ (రజి)కు కలలోనే తెలిశాయి. ఆయన పొద్దున్నే లేచి మసీదు ఎక్కి అజాన్ ఇవ్వలేదు. దైవప్రవక్త (స) సన్నిధికి వెళ్ళి విన్నవించుకున్నారు. అది సత్యమైన కల అని ఆయన (స) ధ్రువపరచిన తర్వాతే హజ్రత్ బిలాల్ (రజి) గొంతు లేచింది. అంతటి కలకే ధ్రువీకరణ కావలసి వచ్చింది. ప్రవక్త (స) మన మధ్య లేని ఈ కాలంలో ధ్రువీకరించవలసినవి ఖుర్ఆన్, సున్నత్‌లే. కల వాటికి లోబడాలి గాని వాటిమీద తీర్పు చెప్పకూడదు.

కోరి కలలు తెచ్చుకునే ప్రయత్నం మన చరిత్రలోనూ ఉంది. ప్రసిద్ధ చరిత్రకారుడు ఇబ్నె ఖల్దూన్ (1332-1406) తన 'ముఖద్దిమా'లో ఈ విషయం ప్రస్తావించారు. పడుకునే ముందు కొన్ని పదాలు ఉచ్చరించి కోరిన కల రప్పించుకునే పద్ధతి మాంత్రికుల గ్రంథాల్లో ఉందని రాశారు. తాను కూడా అలా పలికి విచిత్రమైన కలలు చూశానన్నారు. అయినా ఆయన పొంగిపోలేదు. అనుకున్నంత మాత్రాన కల వస్తుందనడానికి ఇది ఋజువు కాదని, ఆ పదాలు మనసును సిద్ధం మాత్రమే చేస్తాయని తేల్చారు. ఆరు వందల ఏళ్ళ కిందట ఆయన చూపిన ఆ నిదానం ఈనాడు మనకు చాలా అవసరం.

కలల వ్యాపారం మన ఊళ్ళలో కొత్తది కాదు. కల చెబితే చాలు, భయపెట్టి తాయెత్తు అంటగట్టేవారున్నారు. కలలో కనబడిన దాన్ని అంకెగా మార్చి మట్కాకు కాసి ఇల్లు గుల్ల చేసుకున్నవారున్నారు. ఇస్తిఖారా చేసి కల కోసం ఎదురుచూసి, పచ్చరంగు కనబడిందనో ఎర్రరంగు కనబడిందనో పెళ్ళి సంబంధాలు చెడగొట్టుకునేవారున్నారు. ఇస్తిఖారా హదీసులో కల ప్రస్తావనే లేదు. రెండు రకాతుల నమాజు, ఒక దుఆ, అంతే. బస్రా నగరపు విద్వాంసుడు ఇబ్నె సీరీన్ హిజ్రీ 110లో మరణించారు. ఆయన పేరున అమ్ముడుపోతున్న కలల ఫలితాల గ్రంథం ఆయన రాసింది కాదని పండితులు ఏనాడో చెప్పారు. అయినా అమ్మకం ఆగలేదు. ఈ అంగడిలో తెలిసి కనే కల అనే కొత్త సరుకు చేరకూడదన్నదే మా ఆందోళన.

ఇందులో మేలు లేదా?

ఉంది. న్యాయంగా అదీ చెప్పాలి. ప్రమాదం చూసినవారు, ఆప్తులను పోగొట్టుకున్నవారు, దెబ్బలు తిన్న పిల్లలు అదే పీడకలను రాత్రి తర్వాత రాత్రి చూస్తారు. ఇది కలే అని లోపలే తెలిస్తే భయం చాలావరకు దిగిపోతుందని కొన్ని అధ్యయనాలు చెబుతున్నాయి. పీడకల ముగింపును పగటిపూట మార్చి, ఆ కొత్త ముగింపును మనసులో మళ్ళీ మళ్ళీ ఊహించుకునే చికిత్స కూడా వైద్యుల దగ్గర ఉంది. ఇవి నిషిద్ధమైన పనులు కావు. నెలల తరబడి పీడకలలతో నలిగిపోయే మనిషిని మానసిక వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్ళడంలో నామోషీ ఏమీ లేదు.

దానికి ముందు మన ఇంట్లోనే ఉన్న వైద్యం చేయాలి. పీడకల వస్తే ఎడమవైపు మూడుసార్లు తేలికగా ఉమ్మినట్టు ఊదడం, షైతాన్ నుంచి అల్లాహ్ శరణు కోరడం, పక్క మార్చి పడుకోవడం, లేదా లేచి నమాజు చేయడం, ఆ కలను ఎవరికీ చెప్పకపోవడం దైవప్రవక్త (స) నేర్పిన పద్ధతులు. చివరి మాటలో ఎంత మేలుందో చూడండి. పీడకల ఊరంతా చెబితే దానికి తలొక అర్థం తీస్తారు, భయం పదింతలవుతుంది. వైద్యుడికి చికిత్స కోసం చెప్పుకోవడం వేరు, అరుగు మీద కూర్చుని అర్థాలు అడగడం వేరు.

కొందరికి మెలకువ వచ్చినా కాలూ చెయ్యీ కదలవు. గుండెల మీద ఎవరో కూర్చున్నట్టుంటుంది. ఇంట్లో వెంటనే దయ్యం అంటారు. పైన చెప్పుకున్నట్టు కలల దశలో కండరాలు సడలి ఉంటాయి. అవి తేరుకోకముందే తెలివి వచ్చినప్పుడు ఇలా జరుగుతుంది. నిమిషంలోనో రెండు నిమిషాల్లోనో పోతుంది. నిద్రను మధ్యలో చెడగొట్టుకునేవారికి ఇది వచ్చే అవకాశం ఎక్కువ. కాబట్టి దీనికి తాయెత్తు అక్కర్లేదు, వేళకు నిద్ర చాలు.

మూడు హెచ్చరికలు

మొదటిది నిద్ర. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ పిల్లలకు రోజుకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి. చదువుల పేరున, ఫోన్ల పేరున అందులో సగం ఎప్పుడో పోయింది. మిగిలినదాన్ని కూడా అలారం పెట్టి రెండు ముక్కలు చేస్తే ఆరోగ్యం ఏమవుతుంది? మరో విడ్డూరం కూడా ఉంది. కల కోసం నాలుగింటికి లేచిన కుర్రాడు మళ్ళీ పడుకుని ఫజర్ పోగొట్టుకుంటున్నాడు. తహజ్జుద్ వేళకు అల్లాహ్ లేపాడు, వాడు కల కోసం మళ్ళీ దుప్పటి కప్పుకున్నాడు. ఇంతకన్నా నష్టబేరం ఉంటుందా? ఏది కలో ఏది నిజమో తేల్చుకోలేని మానసిక రుగ్మత ఉన్నవారు ఈ సాధన జోలికి అసలే పోకూడదు.

రెండవది సంకల్పం. నిద్రించేవాడు మేల్కొనేవరకు వాడి మీద కలం ఎత్తివేయబడిందని హదీసు ఉంది. కలలో జరిగినదానికి విచారణ లేదు. దీన్ని అడ్డం పెట్టుకుని, మెలకువలో హరామైనది కలలో అనుభవిస్తే తప్పేమిటి అని కొందరు యువకులు తర్కిస్తున్నారు. బాబూ, కల నిద్రలో వచ్చింది సరే, దానికి పథకం వేసింది ఎప్పుడు? పూర్తి మెలకువలో కదా! దాని కోసం పగలంతా మనసును తయారుచేసింది నీవే కదా! వివరంగా ఉలమాలను అడగండి. కాని హరాం కోసం మనసును పెంచి పోషించేవాడి నోట నేను నిద్రలో ఉన్నానన్న మాట చెల్లదని మా నమ్మకం.

మూడవది నిజాయితీ. ఎవరు మాటలో ఎక్కువ సత్యవంతులో వారి కలలే ఎక్కువ సత్యమైనవని దైవప్రవక్త (స) చెప్పినట్టు సహీహ్ ముస్లిం హదీసులో ఉంది. మంచి కలకు ఆయన (స) సూచించిన పగటి సాధన ఇదే. తూకంలో అబద్ధం, వ్యాజ్యంలో అబద్ధం, భార్యాబిడ్డలతో అబద్ధం. పగలంతా ఇలా గడిపి రాత్రి సత్యమైన కల రావాలని ఆశిస్తే ఎలా వస్తుంది?

చేయవలసినది

పిల్లలను తిట్టి ప్రయోజనం లేదు. వారిలో ఉన్న ఆసక్తి మంచిదే. దానికి దారి మళ్ళిస్తే చాలు. గడప దాటినప్పుడు వేళ్ళు లెక్కపెట్టుకోమని ఎవరో చెబితే వింటున్నారు. గడప దాటేటప్పుడు, ఇంట్లోకి వచ్చేటప్పుడు, అన్నం ముందు, అన్నం తర్వాత, స్నానాలగదికి వెళ్ళేటప్పుడు, వాహనం ఎక్కేటప్పుడు మనకు దుఆలున్నాయి. ప్రతి దుఆ దినచర్యలో ఒక చిన్న ఆగింపు, ఒక మేలుకొలుపు. వీటిలో మూడింటినైనా తెలుగు అర్థంతో సహా ఈ వారంలో పిల్లలకు నేర్పండి. మీరూ నేర్చుకోండి.

తక్బీర్ చెప్పే ముందు ఒక్క క్షణం ఆగండి. ఎవరి ముందు నిలబడుతున్నానని మనసులో అడగండి. ఫాతిహా మొదలు సలాం దాకా పలికే ప్రతి మాటకూ అర్థం తెలుసుకోండి. రోజుకొక వాక్యం చొప్పున పట్టుకున్నా కొద్ది వారాల్లో పూర్తవుతుంది. మసీదు కమిటీలు ఇషా తర్వాత పది నిమిషాలు ఈ పనికి కేటాయిస్తే ఊరంతటికీ ఉపకారం చేసినట్టే. ఇంట్లో స్త్రీలకు కూడా ఈ అవకాశం అందేలా చూడాలి. పిల్లల నమాజు పునాది పడేది వారి దగ్గరే.

రాత్రి పడుకునేటప్పుడు ఫోను పక్కగదిలో పెట్టండి. వుజూ చేసి కుడిపక్కకు తిరిగి పడుకోండి. సుబ్‌హానల్లాహ్ 33 సార్లు, అల్‌హందులిల్లాహ్ 33 సార్లు, అల్లాహు అక్బర్ 34 సార్లు పలకమని దైవప్రవక్త (స) తమ కుమార్తె హజ్రత్ ఫాతిమా (రజి)కు, అల్లుడు హజ్రత్ అలీ (రజి)కి నేర్పారు. ఆయన (స) ప్రతి రాత్రీ రెండు అరచేతులు కలిపి, ఖుర్ఆన్‌లోని చివరి మూడు సూరాలు చదివి ఊది, ఒంటిమీద నిమురుకునేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలియజేశారు. అరచేతులు చూసుకునే సాధన కావాలనుకునే పిల్లలకు ఇంతకన్నా మంచి సాధన ఏముంది? ఆ అరచేతుల్లో వేళ్ళ లెక్కతో పాటు, ఈ రోజు ఆ చేతులు ఏమి చేశాయో కూడా చూసుకోవాలి. ఎవరి సొమ్ము ముట్టుకున్నాయి, ఎవరి కన్నీరు తుడిచాయి అని. అదే ముహాసబా.

ఈ విధంగా పడుకున్నవారికి కలలో కల అని తెలియవచ్చు, తెలియకపోవచ్చు. తెలియకపోతే పోయేదేమీ లేదు. లోకులంతా నిద్రలో ఉన్నారని, మరణంతో మేల్కొంటారని భావం వచ్చే మాట ఒకటి హజ్రత్ అలీ (రజి) పేరున ప్రచారంలో ఉంది. ఆనాడు అందరూ మేల్కొంటారు. అయితే ఆనాటి మెలకువ లెక్క ఇవ్వడానికే గాని, లెక్క సరిచేసుకోవడానికి పనికిరాదు. సరిచేసుకునే మెలకువ ఈ పగళ్ళలోనే ఉంది, ఈ ఐదు పూటల్లోనే ఉంది.

కారుణ్యమూర్తి అయిన అల్లాహ్ మన పగళ్ళను ఏమరుపాటు నుంచి, మన రాత్రులను భయం నుంచి కాపాడుగాక! మన నమాజుల్లో మన మనసులను హాజరు చేయుగాక! ఆమీన్.